ప్రైమర్లు రాలేదు, డబ్బు మాత్రం కట్ అయింది: అమెరికా తూటాల కొరతలో కొనుగోలుదారు ఏం చేయాలి?

అమెరికాలో 2020 నుంచి దాదాపు రెండేళ్ల పాటు తుపాకుల దుకాణాల్లో ఒకటే జవాబు వినిపించింది: "స్టాక్ లేదు." తూటాలు దొరకడమే కష్టమైంది. ఇంట్లో తూటాలు తయారు చేసుకునేవాళ్లకు కావాల్సిన ప్రైమర్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి డబ్బు కట్టినవాళ్లు వారాల తరబడి కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. కొందరికి సామాను ఆలస్యంగా వచ్చింది. కొందరికి డబ్బు తిరిగొచ్చింది. నకిలీ వెబ్‌సైట్లకు చిక్కినవాళ్లకు సామానూ లేదు, డబ్బూ లేదు.

2024లో పౌడర్ విషయంలో మళ్లీ ఇలాంటి ఇబ్బందే వచ్చింది. ఇలాంటి సమయంలో ఎవరిని ఏమడగాలో, ఏ గడువు లోపల అడగాలో తెలిస్తే నష్టం చాలావరకు తప్పుతుంది. ఆ గడువులు అమెరికా చట్టంలోనే రాసి ఉన్నాయి. అక్కడ స్థిరపడి షూటింగ్ రేంజ్‌కో, వేటకో వెళ్లే తెలుగువాళ్లకు, హైదరాబాదీ కుటుంబాలకు కూడా ఇవి పనికొస్తాయి. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఆర్డర్ గురించి ఆలోచించే ముందే తెలుసుకోవాల్సిన విషయం వేరే ఉంది. అదీ కింద వివరంగా ఉంది.

అసలు ఈ సామాను ఏమిటి?

ఒక తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేస్, దాని అడుగున చిన్న బొత్తాంలాంటి ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను వచ్చి ప్రైమర్‌ను కొడుతుంది. ప్రైమర్‌లోని మందు నిప్పు రాజేస్తుంది. పౌడర్ మండి, ఆ వాయువు ఒత్తిడికి బుల్లెట్ బయటికి దూసుకుపోతుంది.

కాల్చిన తర్వాత ఇత్తడి కేస్ మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో ఇది చాలా పాత అలవాటు. పోటీల్లో పాల్గొనే షూటర్లు, వేటగాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి, తమ తుపాకీకి సరిగ్గా కుదిరే తూటా కోసం ఈ పని చేస్తుంటారు.

కేస్‌ను మళ్లీ మళ్లీ వాడొచ్చు. బుల్లెట్‌ను సీసం కరిగించి ఇంట్లోనే పోసుకునేవాళ్లూ ఉన్నారు. ప్రైమర్ అలా కాదు. దెబ్బ తగిలితే పేలే మందును గోరంత గిన్నెలో నింపే ప్రమాదకరమైన పని అది. ఫ్యాక్టరీలోనే జరగాలి. కాబట్టి ప్రైమర్ లేకపోతే మిగతా మూడూ ఇంట్లో మూలన పడి ఉండాల్సిందే.

కొరత ఎక్కడ మొదలైంది?

2020లో కరోనా భయం, నగరాల్లో అల్లర్లు, అధ్యక్ష ఎన్నికలు ఒకేసారి వచ్చాయి. తుపాకుల కొనుగోళ్లు పెరిగిపోయాయి. కొనుగోలుదారుల నేపథ్యాన్ని పరిశీలించే ఎఫ్‌బీఐ వ్యవస్థకు 2019లో సుమారు 2 కోట్ల 84 లక్షల విచారణలు వస్తే, 2020లో అవి 3 కోట్ల 97 లక్షలకు చేరాయి. ఆ ఏడాది 84 లక్షల మంది మొదటిసారి తుపాకీ కొన్నారని తుపాకుల పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ అంచనా వేసింది. కొత్తగా కొన్న ప్రతి ఒక్కరికీ తూటాలు కావాలి కదా.

అదే సమయంలో పాత కంపెనీ రెమింగ్టన్ 2020 జులైలో దివాలా పిటిషన్ వేసింది. ఆర్కాన్సా రాష్ట్రంలోని లోనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా ఔట్‌డోర్ 8 కోట్ల 14 లక్షల డాలర్లకు కొన్నది. అమెరికాలో పెద్ద ఎత్తున ప్రైమర్లు తయారయ్యే పేర్లు నాలుగే: ఫెడరల్, సీసీఐ, రెమింగ్టన్, వించెస్టర్. ఈ కొనుగోలుతో వాటిలో మూడు ఒకే యజమాని చేతికి వచ్చాయి.

ఫ్యాక్టరీలో తయారైన ప్రైమర్లు ముందు సొంత తూటాల్లోకి పోతాయి. మిగిలితేనే విడిగా డబ్బాల్లో దుకాణాలకు వస్తాయి. తూటాలకే ఇంత గిరాకీ ఉన్నప్పుడు మిగిలేది ఎంత? మామూలు రోజుల్లో 30, 35 డాలర్లకు దొరికే 1,000 ప్రైమర్ల డబ్బా 2021లో చేతులు మారే చోట 100 డాలర్లు దాటింది. కంపెనీలే సరుకు దాచిపెడుతున్నాయని పుకార్లు లేచాయి. ఫెడరల్ అధ్యక్షుడు జేసన్ వాండర్‌బ్రింక్ స్వయంగా వీడియోలో కనిపించి, దాచింది ఏమీ లేదని, తమ చేతిలో 100 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు పేరుకుపోయాయని చెప్పుకోవాల్సి వచ్చింది.

జనం తీరు కూడా కొరతను పెంచింది. ఉల్లిగడ్డ ధర పెరుగుతుందని తెలిస్తే రెండు కిలోలు కొనేవాడు పది కిలోలు మోసుకొస్తాడు. ఇక్కడా అదే జరిగింది.

పౌడర్ కథ కొంచెం వేరు. దాని ముడిసరుకు నైట్రోసెల్యులోజ్. పత్తి జిన్నింగ్‌లో దూది తీసేశాక గింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు రైతులకు ఇది తెలిసిందే. ఆ నూగుకు ఆమ్లాలు పట్టిస్తే నైట్రోసెల్యులోజ్ తయారవుతుంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఫిరంగి గుండ్లకు దీని అవసరం విపరీతంగా పెరిగింది. ఆ ప్రభావం 2024లో రీలోడింగ్ పౌడర్ మీద పడింది. అలయంట్ కంపెనీ ఈ పౌడర్ల సరఫరాను కొంతకాలం ఆపేసింది.

ఫోన్ ఎత్తే మనిషి చేతిలో ఏముంది?

కస్టమర్ కేర్‌లో కూర్చున్న ఉద్యోగి ప్రైమర్లు తయారు చేయడు. ఫ్యాక్టరీ నుంచి తమ గోదాముకు లారీ ఎప్పుడొస్తుందో చాలాసార్లు ఆయనకు కూడా తెలియదు. "ఎప్పుడొస్తుంది?" అని పదిసార్లు అడిగితే, పదోసారి ఫోన్ పెట్టించడానికి "వచ్చే వారం" అంటాడు. ఆ మాట పట్టుకుని ఎదురుచూసినవాడు నష్టపోతాడు.

ఆ ఉద్యోగి చేతిలో ఉండేవి కొన్ని ఉన్నాయి. ఆర్డర్ ఏ దశలో ఉందో కంప్యూటర్‌లో చూసి చెప్పగలడు. ఆర్డర్ రద్దు చేయగలడు. డబ్బు తిరిగి వేయగలడు. మాట్లాడిన విషయం ఈమెయిల్‌లో పంపగలడు. అందుకే ఆయన చెప్పగలిగినవే అడగాలి:

1. ఈ సామాను మీ గోదాములో ఉందా, లేక కంపెనీ నుంచి మీకే ఇంకా రావాలా?
2. నా కార్డు మీద డబ్బు ఇప్పటికే తీసుకున్నారా, పంపేటప్పుడు తీసుకుంటారా?
3. పంపే తేదీ ఏదని మీ రికార్డులో రాసి ఉంది?
4. ఇప్పుడు రద్దు చేస్తే పూర్తి డబ్బు వస్తుందా? ఏమైనా కోత ఉందా?
5. ఈ జవాబులు ఈమెయిల్‌లో పంపుతారా?

ఐదో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. ఈమెయిల్ ఇవ్వనంటే, మాట్లాడిన తేదీ, టైము, ఉద్యోగి పేరు, చెప్పిన మాట రాసుకుని మనమే వాళ్లకు ఈమెయిల్ పెట్టాలి: "ఈ రోజు ఫోన్‌లో మీరు ఇలా చెప్పారు. తప్పయితే చెప్పండి." ఇంత చాలు.

కోపంగా మాట్లాడితే పని కాదు. రోజంతా తిట్లు తిన్న మనిషికి మర్యాదగా, ఆర్డర్ నంబర్ చేతిలో పెట్టుకుని మాట్లాడేవాళ్లు అరుదుగా దొరుకుతారు. వాళ్ల పని ముందు అవుతుంది. మర్యాద అంటే హక్కు వదులుకోవడం మాత్రం కాదు.

చట్టం ఇచ్చిన 30 రోజులు

ఉత్తరం, ఫోన్, ఇంటర్నెట్ ద్వారా తీసుకునే ఆర్డర్ల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఒక నియమం ఉంది. 1975లో జారీ అయిన ఈ నియమం ప్రకారం, ఎన్ని రోజుల్లో పంపుతామో చెప్పిన అమ్మకందారు ఆ గడువులో పంపాలి. గడువు చెప్పకపోతే 30 రోజుల్లో పంపాలి. అసలు ఆ గడువులో పంపగలమని నమ్మడానికి సరైన కారణం ఉంటేనే ఆర్డర్ తీసుకోవాలి.

పంపలేకపోతే ఊరుకోకూడదు. ఆలస్యమవుతుందని నోటీసు ఇవ్వాలి. రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే అవకాశం అందులో ఇవ్వాలి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మొదటి నోటీసులో చెప్పిన ఆలస్యం 30 రోజులు లేదా అంతకన్నా తక్కువైతే, మనం జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆలస్యం 30 రోజులు దాటినా, ఎప్పుడు పంపుతామో తెలియదన్నా లెక్క తిరగబడుతుంది. అప్పుడు మనం స్పష్టంగా సరేనంటే తప్ప ఆర్డర్‌ను అలా వేలాడదీయకూడదు. రెండోసారి ఆలస్యమన్నా అంతే. మన ఒప్పుకోలు లేకపోతే రద్దు చేసి డబ్బు ఇచ్చేయాలి.

ఆ డబ్బు కూడా డబ్బు రూపంలోనే రావాలి. "మీ ఖాతాలో క్రెడిట్ వేస్తాం, తర్వాత ఏదైనా కొనుక్కోండి" అంటే అది రీఫండ్ కాదు. 2020 ఏప్రిల్‌లో ఒక పెద్ద ఆన్‌లైన్ బట్టల కంపెనీ ఇలాగే పంపని సరుకుకు గిఫ్ట్ కార్డులు ఇచ్చిందన్న ఆరోపణలతో సహా కేసును ముగించుకోవడానికి 93 లక్షల డాలర్లు కట్టింది. మామూలు కార్డుతో కట్టిన డబ్బును సాధారణంగా ఏడు పని దినాల్లో వెనక్కి పంపాలి.

ఒక మెలిక ఉంది. ఆర్డర్ పెట్టేటప్పుడే "బ్యాక్ ఆర్డర్, 120 రోజులు పట్టవచ్చు" అని స్పష్టంగా రాసి ఉంటే, ఆ 120 రోజులే గడువు. అందుకే ఆర్డర్ పెట్టిన రోజు పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు.

60 రోజుల చిక్కు

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. క్రెడిట్ కార్డుతో కట్టిన సామాను రాకపోతే కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసే హక్కు అమెరికాలో 1974 నాటి చట్టంతో వచ్చింది. ఆ ఖర్చు కనిపించిన మొదటి బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా కార్డు కంపెనీకి చేరాలి. వాళ్లు 30 రోజుల్లో అందినట్టు చెప్పాలి. రెండు బిల్లింగ్ కాలాల్లో, 90 రోజులు దాటకుండా తేల్చాలి.

ఇప్పుడు కొరత రోజుల్లో ఏం జరుగుతుందో చూడండి. అమ్మకందారు ఆర్డర్ రోజే డబ్బు తీసుకుంటాడు. రెండు వారాలకు ఫోన్ చేస్తే "వచ్చే వారం" అంటారు. నెలకు చేస్తే "కంపెనీ నుంచి రాలేదు" అంటారు. మరో నెల గడుస్తుంది. ఎవరూ మోసం చేయాలనుకోకపోయినా, కొనుగోలుదారు చేతిలోని బలమైన ఆయుధానికి గడువు ఆ సరికి అయిపోయి ఉంటుంది. కొన్ని కార్డు కంపెనీలు ఇంకా ఎక్కువ సమయం ఇస్తాయి. దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

కాబట్టి బిల్లు చూసిన రోజే క్యాలెండర్‌లో 45వ రోజు దగ్గర గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజుకు సామాను రాకపోయినా, డబ్బు రాకపోయినా, అమ్మకందారుకు చివరి ఈమెయిల్ పెట్టి, కార్డు కంపెనీకి రాసేయాలి. డెబిట్ కార్డుకు ఈ రక్షణ ఇంత గట్టిగా ఉండదు. జెల్, గిఫ్ట్ కార్డు, బిట్‌కాయిన్‌తో పంపిన డబ్బు వెనక్కి రావడం దాదాపు కలే.

నకిలీ సైటును ఎలా పట్టాలి?

ఎక్కడా దొరకని ప్రైమర్లు ఒక్క సైటులో మాత్రం అన్ని రకాలూ "స్టాక్ ఉంది" అని, అదీ పాత ధరకే కనిపిస్తే అక్కడే అనుమానించాలి. పేరున్న కంపెనీల ఫొటోలు, లోగోలు దొంగిలించి పెట్టే సైట్లు కొరత రోజుల్లో పుట్టగొడుగుల్లా వచ్చాయి.

ఒక సులువైన పరీక్ష ఉంది. ప్రైమర్లు, పౌడర్ ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి. వీటిని అమెరికా పోస్టులో పంపడం నిషేధం. ప్రైవేటు రవాణా కంపెనీలు ప్రత్యేక ఏర్పాట్లతో నేల మార్గంలో తీసుకెళ్తాయి. అందుకు హాజ్‌మ్యాట్ ఫీజు అని విడిగా వసూలు చేస్తారు. అప్పుడప్పుడూ ఆఫర్‌లో దాన్ని మాఫీ చేసే దుకాణాలున్నాయి. కానీ ఆ మాటే ఎక్కడా లేకుండా "ఉచిత డెలివరీ, పోస్టులో పంపుతాం" అనే సైటుకు ఈ వ్యాపారం గురించి తెలియదని అర్థం. కార్డు తీసుకోకుండా జెల్, బిట్‌కాయిన్ అడిగితే ఇక ఆలోచించనక్కర్లేదు. డబ్బు కట్టే ముందే కస్టమర్ కేర్‌కు ఒకసారి ఫోన్ చేసి చూడాలి. మనిషి ఎత్తకపోతే కొనకూడదు. మోసపోతే ముందు బ్యాంకుకు, తర్వాత ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ ఫిర్యాదుల కేంద్రానికి చెప్పాలి.

అసలైన దుకాణంతో కూడా ఒక జాగ్రత్త. ప్రైమర్లు, పౌడర్ ఒకసారి ఇంటికొచ్చాక సాధారణంగా ఎవరూ వాపసు తీసుకోరు. మామూలు పార్సిల్‌లా వెనక్కి పంపడమూ కుదరదు. రద్దు చేసుకోవాలంటే బయల్దేరక ముందే చేసుకోవాలి.

"ఇదీ అదీ ఒకటే" అంటే నమ్మొద్దు

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కొరతలో అంతకన్నా పెద్ద ప్రమాదం, దొరికిన దాంతో సర్దుకోవడం.

ప్రైమర్లలో పిస్టల్‌వి వేరు, రైఫిల్‌వి వేరు. రెంటిలోనూ చిన్నవి, పెద్దవి ఉంటాయి. మళ్లీ మామూలు, మాగ్నమ్ అని తేడా ఉంది. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే ఒత్తిడి మారిపోతుంది. పౌడర్‌లో ఇంకా మోసపోయే వీలుంది. ఐఎంఆర్ 4350, హాడ్జ్‌డన్ హెచ్4350, అక్యురేట్ 4350 అని మూడు ఉన్నాయి. నంబర్ ఒకటే. పౌడర్లు మాత్రం వేర్వేరు. ఒకదాని కొలత ఇంకొకదానికి వాడితే తుపాకీ చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది.

ఇలాంటి ప్రశ్న అమ్మిన దుకాణం కస్టమర్ కేర్‌ను అడగకూడదు. వాళ్ల పని ఆర్డర్ చూడటం వరకే. పౌడర్ తయారు చేసిన కంపెనీకి సాంకేతిక సహాయం విభాగం ఉంటుంది. కొలతల పట్టికలు కూడా ఉచితంగా ఇస్తారు. ఫోన్ చేసే ముందు డబ్బా మీద లాట్ నంబర్, తుపాకీ క్యాలిబర్, బుల్లెట్ బరువు రాసి పెట్టుకోవాలి. పట్టికలో లేని జోడీని వాడకూడదు. సీలు తీసిన డబ్బాలో చౌకగా అమ్ముతామన్నా కొనకూడదు. లోపల ఏముందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

భయంతో ఎక్కువ కొని ఇంట్లో నింపుకోవడమూ ప్రమాదమే. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో ఇంటి నిల్వకు హద్దులున్నాయి. పౌడర్‌ను అసలు డబ్బాల్లోనే, మామూలుగా 20 పౌండ్ల వరకు, ప్రైమర్లు 10,000 వరకు అని ఉంది. స్థానిక నిబంధనలు ఇంకా కఠినంగా ఉండొచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లు ఆర్డరే పెట్టొద్దు

ఎఫ్-1 మీద చదివే విద్యార్థి, హెచ్-1బి మీద పనిచేసే ఉద్యోగి లాంటి తాత్కాలిక వీసాదారులు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. "నేను తుపాకీ కొనడం లేదు, ఖాళీ ప్రైమర్లే కదా" అనుకోవడానికి లేదు. ఆ చట్టం తూటాకు ఇచ్చిన నిర్వచనంలోనే కేస్, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ నాలుగూ ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల వరకు పడొచ్చు. వీసా, భవిష్యత్తు రెండూ పోతాయి.

కొరత రోజుల్లో దుకాణాలు "ఇంటికి ఒక డబ్బా" అని పరిమితి పెడతాయి. అప్పుడు "నీ పేరు మీద ఒక డబ్బా తెప్పించి పెట్టు తమ్ముడూ" అని తెలిసినవాళ్లు అడగొచ్చు. మొహమాటపడి ఒప్పుకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. అయినా రాష్ట్రాల చట్టాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి, అనుమానం ఉంటే లాయర్‌ను అడగాలి. కస్టమర్ కేర్ "పర్వాలేదు" అన్న మాట కోర్టులో నిలవదు.

అమ్మేవాళ్ల వంతు

కొరతలో దుకాణం పేరు నిలబడేదీ, పోయేదీ కస్టమర్ కేర్ దగ్గరే. లేని సరుకుకు ఆర్డర్ తీసుకోకపోవడం, సామాను పంపే రోజే కార్డు మీద డబ్బు తీసుకోవడం, మనిషికి ఇన్ని అని పరిమితి పెట్టడం, తేదీ తెలియకపోతే తెలియదనే చెప్పడం పెద్ద ఖర్చులేని పనులు. "వచ్చే వారం" అన్న అబద్ధంతో ఆ రోజు ఫోన్ ఆగుతుంది. మర్నాడు అదే మనిషి రెండింతల కోపంతో ఫోన్ చేస్తాడు.

కొనేవాళ్లు చేయాల్సింది కూడా కొద్దిగానే ఉంది. ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్, రాతలో జవాబు, క్రెడిట్ కార్డుతోనే చెల్లింపు, 45వ రోజు గుర్తు. ఈ నాలుగూ ఉంటే ప్రైమర్లు రాకపోయినా డబ్బు నిలబడుతుంది. సరుకు ఈ సీజన్‌లో రాకపోతే వచ్చే సీజన్‌కు వస్తుంది. 2012 చివర మొదలైన .22 తూటాల కొరత కూడా కొన్నేళ్లకు తీరింది. అప్పటిదాకా ఆగడమే మంచిది, తెలియని పౌడర్ తుపాకీలో పోసి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.